సూది మొన ఎక్కడుంది?

మా బాబాయి ఆర్టీసీలో ముప్పయ్యేళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఉండేది ఖమ్మంలో. బీడీలు మానేసి చాలా ఏళ్లయింది కానీ, తాగినన్నాళ్లు గట్టిగానే తాగారు. అందుకే రెండు నెలలుగా తగ్గని పొడి దగ్గుకి ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ కనబడేసరికి, ఎవరూ పైకి అనలేదు గానీ ఇంట్లో అందరికీ ఒకే అనుమానం. సీటీ స్కాన్ తీయించాం. 3.5 సెంటీమీటర్ల గడ్డ అని రాశారు. క్యాన్సర్ అవునో కాదో తేల్చుకోవడానికి బయాప్సీ చేయించమన్నారు.

హైదరాబాదులో చేయించాం. వారం తర్వాత వచ్చిన రిపోర్టులో సారాంశమంతా ఒక్క మాట: నెక్రోసిస్. అంటే చచ్చిపోయిన కణజాలం. క్యాన్సర్ ఉందనీ లేదు, లేదనీ లేదు. పిన్ని ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే క్యాన్సర్ లేనట్టేగా?" అంది. నేనూ తలూపాను. అప్పటిదాకా బయాప్సీ అంటే షుగర్ పరీక్ష లాంటిదేననీ, ఉందో లేదో తేల్చి చెప్పేస్తుందనీ అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం పోవడానికి ఇంకో సూది కావాల్సి వచ్చింది. పోటు పడింది మాత్రం బాబాయికి.

సేమియా పుల్లంత ముక్క

రక్తం ఏ చేతి నుంచి తీసినా ఒకటే రక్తం. గడ్డ సంగతి అలా ఉండదు. వేగంగా పెరిగే గడ్డలో నడిమధ్యకి రక్తం సరిగా అందదు, అక్కడి కణాలు చచ్చిపోతాయి. బతికి ఉండి, పెరుగుతూ, తన గుర్తింపు చూపించే భాగమంతా అంచుల్లో ఉంటుంది. టీబీ గడ్డలోనూ అంతే. నడుమ భాగం అచ్చం జున్నులా మెత్తగా, పొడిపొడిగా అయిపోతుంది. దాని చుట్టూ శరీరం కట్టుకున్న గోడలోనే అసలు ఆనవాళ్లు ఉంటాయి. కాబట్టి సూది గడ్డకి నట్టనడుమ దిగితే స్కాన్ బొమ్మలో గురి భలే కుదిరినట్టు కనిపిస్తుంది, ముక్క మాత్రం ఏమీ చెప్పదు. బాబాయి మొదటి బయాప్సీలో జరిగింది ఇదే.

ముక్క ఎంతుంటుందో కూడా చూడాలి. గడ్డల నుంచి ముక్క తీయడానికి ఎక్కువగా 14 నుంచి 18 గేజ్ సూదులు వాడతారు, ఊపిరితిత్తికి ఒక్కోసారి 20 గేజ్ కూడా. కరెంటు తీగల లెక్కలాగే ఇక్కడా గేజ్ నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 18 గేజ్ సూది మందం దాదాపు 1.2 మిల్లీమీటర్లు. దాని కొన దగ్గర లోపలి సూదికి ఒక గాడి ఉంటుంది. బటన్ నొక్కగానే పైతొడుగు స్ప్రింగు వేగంతో ముందుకు దూకి, గాడిలో పడ్డ కండని కోసి మూసేస్తుంది. 'టప్' మని చప్పుడొస్తుంది. డాక్టర్లు ఈ పరికరాన్ని గన్ అంటారు. చప్పుడు వస్తుందని ముందే చెప్పకపోతే మనిషి ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడితే సూది కదులుతుంది. బయటికొచ్చే ముక్క సేమియా పుల్లంత. పొడవు ఒకటి, రెండు సెంటీమీటర్లు.

3.5 సెంటీమీటర్ల గడ్డ గుండ్రంగా ఉందనుకుని లెక్కేస్తే దాని పరిమాణం 22 మిల్లీలీటర్ల పైన. ఒక సేమియా పుల్ల అందులో రెండు వేల వంతుల్లో ఒకటి. ఆ ఒక్క వంతూ మిగతా అంతటి తరఫున మాట్లాడాలి. అందుకే ఒక్క ముక్కతో ఆపరు. మూడో నాలుగో తీస్తారు, వీలైతే సూదిని కాస్త పక్కకి వంచి వేర్వేరు చోట్ల నుంచి. ప్రతిసారీ చర్మం నుంచి మళ్లీ గుచ్చాల్సిన పని లేకుండా, ముందు కొంచెం లావు సూదిని గొట్టంలా గడ్డ అంచుదాకా దింపి ఉంచుతారు. ముక్కలు తీసే సూది ఆ గొట్టంలోంచి వెళ్లి వస్తుంటుంది. శరీరానికి పడే దారి ఒక్కటే.

జనం కలగలిపేసే విషయం ఇంకోటుంది. 'సూది పరీక్ష', 'ముక్క పరీక్ష' ఒకటి కావు. ఎఫ్‌ఎన్‌ఏసీ అనే సూది పరీక్షలో 22 నుంచి 25 గేజ్ సన్న సూదితో కొన్ని కణాల్ని లాగి గాజు పలక మీద పూస్తారు. చవక, నొప్పి తక్కువ, రిపోర్టు త్వరగా వస్తుంది. కానీ దానితో వచ్చేవి విడి ఇటుకలు, గోడ రాదు. కొన్ని జబ్బుల్ని ఇటుక చూసి పోల్చుకోవచ్చు. కొన్నింటికి ఇటుకలు ఎలా పేర్చి ఉన్నాయో చూడకపోతే కుదరదు. థైరాయిడ్‌లో ఫాలిక్యులర్ రకం గడ్డ ఇందుకు మంచి ఉదాహరణ. అది క్యాన్సర్ అవునో కాదో తేలేది గడ్డ తన పైపొరని చీల్చుకుని బయటికొచ్చిందా లేదా అన్న దాని మీద. సన్న సూదితో వచ్చిన కణాల్లో పొర ఎక్కడ ఉంటుంది? అందుకే థైరాయిడ్ రిపోర్టుల్లో బెథెస్డా పేరుతో ఆరు మెట్లు పెట్టుకున్నారు. మూడు, నాలుగు మెట్ల దగ్గర ఆగినవాళ్లకి "రిపోర్టు ఏమీ తేల్చలేదు" అని కోపం రావడం సహజం. తప్పు రిపోర్టుది కాదు, ఆ పరీక్షకి ఉన్న హద్దు అది. లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అనుమానం ఉన్న బిళ్లలకీ, అంటే ఉబ్బిన లింఫ్ గ్రంథులకీ, ఇదే ఇబ్బంది. రొమ్ములో గడ్డ అయితే ఇప్పుడు ముక్క పరీక్షే మేలంటారు. క్యాన్సర్ పాల నాళాల్లోనే ఉందా, వాటి గోడ దాటి బయటికి పాకిందా, హార్మోన్ మందులకి లొంగే రకమా అనేవన్నీ ఆ ముక్కలోంచే తేల్చాలి.

కళ్లు కావాల్సింది సూదికే

సూది గుచ్చి ముక్క తీయడం కొత్త సంగతేమీ కాదు. లివర్ నుంచి అలా తీయడం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. 1958లో ఇటలీ డాక్టరు మెంఘీని ఒక్క సెకనులో పని ముగించే సూది గురించి రాశాక అది ఆసుపత్రుల్లో మామూలైపోయింది. పక్కటెముకల మీద వేలితో తట్టి, చప్పుడుని బట్టి లివర్ ఎక్కడుందో అంచనా వేసి గుచ్చేవాళ్లు. లివర్ అంతటా పరుచుకున్న జబ్బుకి ఆ గుడ్డి పద్ధతి సరిపోయేది, ఎక్కడ గుచ్చినా ఒకటే కనుక. ఒక మూల రెండు సెంటీమీటర్ల మచ్చ ఉంటే దానితో ఏం చేస్తారు? సూదికి కళ్లు కావాలి. 1971 అక్టోబరులో లండన్‌లో మొదటి సీటీ స్కాన్ తీశాక, అల్ట్రాసౌండ్ బొమ్మలు స్పష్టపడ్డాక ఆ కళ్లు వచ్చాయి.

అల్ట్రాసౌండ్‌లో సూది కదలిక అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది. రేడియేషన్ ఉండదు. లివర్, కిడ్నీ, థైరాయిడ్, రొమ్ము, మెడలో బిళ్లలు, వీటన్నిటికీ మొదట చూసేది దీన్నే. గోడ మీద 'ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు ఉన్న గదిలోనే యాభయ్యేళ్ల మగమనిషికి లివర్ బయాప్సీ జరుగుతుంటే కాస్త వింతగా ఉంటుంది గానీ, 1994 నాటి చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మెషీన్లన్నీ రిజిస్టరు కావాల్సిందే కాబట్టి బోర్డు తప్పదు. దీని బలహీనత గాలీ, ఎముకా. వాటిని దాటి ఆ శబ్ద తరంగాలు వెళ్లవు. ఊపిరితిత్తి నిండా గాలే. గడ్డ ఛాతీ గోడకి ఆనుకుని ఉంటే తప్ప అల్ట్రాసౌండ్‌కి కనబడదు. అక్కడ సీటీ కావాలి.

సీటీతో చేసేటప్పుడు సాధారణంగా సినిమాలా కంటిన్యూగా చూస్తూ గుచ్చరు. బాబాయికి రెండోసారి, వేరే చోట చేసినప్పుడు డాక్టరు ఓపికగా వివరించారు. ముందు ఛాతీ మీద గీతలున్న స్టిక్కరు అంటించి స్కాన్ తీశారు. ఏ గీత దగ్గర, ఎంత లోతు, ఎంత వాలుగా వెళ్లాలో తెర మీద కొలిచారు. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సూదిని సగం దాకా దింపి, గది బయటికొచ్చి మళ్లీ స్కాన్ తీశారు. లోపలికి వెళ్లి దిశ కాస్త సరిచేసి, ఇంకొంచెం దింపి, మళ్లీ బయటికి. ఇలా నాలుగైదు సార్లు. ప్రతిసారీ "ఊపిరి ఇందాకటి లాగే పీల్చి బిగపట్టండి" అని మైకులో చెబుతారు. 'ఇందాకటి లాగే' అన్నదే కష్టం. ఒకసారి నిండా, ఒకసారి సగం పీలిస్తే గడ్డ జరిగిపోతుంది. ఊపిరితిత్తి అడుగున ఉన్న గడ్డలు సెంటీమీటరు పైనే కదులుతాయి. బాబాయిది పైభాగం కాబట్టి అంత తేడా రాలేదు. సూదిని పక్కటెముక పైఅంచుని ఆనుకుని దింపుతారు, రక్తనాళాలూ నరమూ ఎముక కిందిఅంచు వెంట వెళ్తాయి కాబట్టి. ఊపిరితిత్తికి నొప్పి తెలియదు, దాన్ని కప్పిన బయటి పొరకి మాత్రం బాగా తెలుస్తుంది. ఆ పొరని సరిగా తిమ్మిరెక్కిస్తే సగం బాధ తీరినట్టే.

ఈసారి డాక్టరు స్కాన్‌లో మెరుస్తున్న అంచుని ఎంచుకున్నారు. రంగు మందు ఎక్కించి తీసిన సీటీలో రక్తం అందుతున్న భాగం తెల్లగా, చచ్చిన భాగం నల్లగా కనిపిస్తుంది. మొదటిసారి స్కాన్‌లోనూ ఆ తేడా ఉంది. మొదటి చోట దాన్ని ఎందుకు పట్టించుకోలేదో మాకు ఎవరూ చెప్పలేదు.

మిగతా రకాలు టూకీగా. మామోగ్రామ్‌లో ఇసుక రేణువుల్లాంటి తెల్ల చుక్కలు మాత్రమే కనబడి చేతికి గడ్డేమీ తగలకపోతే, రెండు కోణాల నుంచి తీసిన మామోగ్రామ్ బొమ్మలతో చోటు లెక్కగట్టి ముక్కలు తీస్తారు. తీసిన ముక్కలకి అక్కడికక్కడే ఎక్స్‌రే తీసి, ఆ చుక్కలు వాటిలో ఉన్నాయో లేదో చూసుకుంటారు. ఉన్న చోట గుర్తుగా నువ్వుగింజంత లోహపు క్లిప్పు వదిలిపెడతారు. ప్రొస్టేట్‌కి ఎంఆర్ఐ బొమ్మనీ అల్ట్రాసౌండ్ బొమ్మనీ ఒకదాని మీద ఒకటి కలిపి చేసే పద్ధతి పెద్ద ఊళ్లలో వచ్చింది. కిడ్నీ బయాప్సీని చాలాచోట్ల నెఫ్రాలజిస్టులే (కిడ్నీ డాక్టర్లే) చేస్తారు. అక్కడ వెతికేది గడ్డని కాదు, వడపోత జల్లెడలు ఎలా ఉన్నాయో చూడటం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగుల బయాప్సీల్లో జల్లెడల కన్నా వాటి చుట్టూ ఉన్న నాళికలూ, నడిమి కణజాలమూ ఎక్కువ దెబ్బతిని కనిపించాయి. ఇది మామూలు షుగరు, బీపీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బు తీరు కాదని చెప్పడానికి అదో ఆధారమైంది.

రెండు సీసాలు

మా మొదటి బయాప్సీలో రెండో లోపం సీసా దగ్గర జరిగింది. తీసిన ముక్కలన్నిటినీ ఫార్మాలిన్‌లో వేసేశారు. కణాలు కుళ్లకుండా ఉన్న రూపంలోనే బిగిసిపోవడానికి ఫార్మాలిన్ వాడతారు. క్యాన్సర్ తేల్చడానికి అది కావాల్సిందే. కానీ ఫార్మాలిన్‌లో పడ్డ టీబీ క్రిమి చచ్చిపోతుంది. చచ్చిన క్రిమిని కల్చర్‌లో పెంచలేరు. సీబీనాట్ అని పిలిచే జీన్ పరీక్షకీ తాజా ముక్కే కావాలి. అందుకు ఒక ముక్కని విడిగా, మామూలు సెలైన్ నీళ్లలో వేసి, అదే రోజు ల్యాబుకి చేర్చాలి.

ఇది చదివి "ఇంత చిన్న విషయమా" అనిపిస్తుంది. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఊపిరితిత్తిలో గడ్డ, వెన్నుపూస దగ్గర మచ్చ, మెడలో, కడుపులో బిళ్లలు, దేన్ని గుచ్చినా టీబీ గానీ క్యాన్సర్ గానీ కావచ్చు. స్కాన్‌లో రెండూ ఒకదాని వేషం ఒకటి వేసుకుంటాయి. పెట్ స్కాన్‌లో కూడా రెండూ వెలుగుతాయి. ఒకే సీసా పంపితే ఒకే ప్రశ్న అడిగినట్టు. సూది ఒకసారి దిగాక ఇంకో ముక్క తీయడానికి పట్టేది అరనిమిషం. అది మర్చిపోతే మళ్లీ సీటీ గది, మళ్లీ సంతకాలు, మళ్లీ పరగడుపు. నా మట్టుకు నేను ఎవరు బయాప్సీకి వెళ్తున్నా చెప్పే మాట ఒకటే: "టీబీకి కూడా విడిగా పంపుతున్నారా అని లోపలికి వెళ్లేముందే అడగండి." అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మేము రెండోసారి అడిగినప్పుడు డాక్టరు నవ్వి, టేబుల్ మీద సిద్ధంగా పెట్టిన రెండు సీసాలూ చూపించారు.

ముక్కలు ఎక్కువ కావడానికి ఇంకో కారణం కొత్తది. ఊపిరితిత్తి క్యాన్సర్ అని తేలాక కథ అయిపోదు. ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యు మార్పులు ఉన్నాయేమో చూడాలి. ఉంటే మొదట కీమో కాకుండా మాత్రలతో చికిత్స మొదలుపెట్టే అవకాశం ఉంటుంది. ఆ పరీక్షలన్నిటికీ అదే సేమియా పుల్ల పంచాలి. సరిపోకపోతే మళ్లీ గుచ్చాలి.

భయాల్లో అసలువీ, అనుమానాలూ

సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో 'ఊపిరితిత్తి కూలిపోవచ్చు' అని చదివి పిన్ని కూలబడిపోయింది. నిజానికి ఊపిరితిత్తి బయాప్సీలో ఎక్కువగా జరిగేది అదే. సూది వెళ్లిన దారిలో గాలి లీకై ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య చేరుతుంది. రమారమి అయిదుగురిలో ఒకరికి ఎంతో కొంత ఇలా అవుతుంది. చాలామందిలో ఆ గాలి దానంతటదే ఇంకిపోతుంది, కొద్దిమందికి మాత్రం పైపు వేయాల్సి వస్తుంది. పొగ తాగి ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవాళ్లకి ప్రమాదం ఎక్కువ. అందుకే అయిపోగానే ఇంటికి పంపరు. గుచ్చిన వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి, దగ్గొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు అని చెప్పి, కొన్ని గంటలాగి ఎక్స్‌రే తీస్తారు. ముప్పయ్యేళ్లు బస్సులో కండక్టరుతో కబుర్లాడుతూ గడిపిన మనిషిని మూడు గంటలు మాట్లాడకుండా ఆపడం మాకు సూది కన్నా కష్టమైంది.

లివర్, కిడ్నీ దగ్గర అసలు భయం రక్తస్రావం. లివర్ బయాప్సీ తర్వాత కుడి భుజం లాగుతున్నట్టు నొప్పి వస్తే భుజానికేదో అయిందనుకోవద్దు. లివర్ పైన ఉండే కండర పొర డయాఫ్రమ్ దగ్గరి ఒరిపిడిని ఒకే నరాల దారి భుజం నొప్పిగా చూపిస్తుంది. కానీ కడుపు గట్టిపడటం, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం ఉంటే వెంటనే నర్సుని పిలవాలి. ముందురోజు ప్లేట్‌లెట్లు, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ చూసేది ఇందుకే. లోతైన అవయవాల్లో గుచ్చడానికి సాధారణంగా ప్లేట్‌లెట్లు 50 వేల పైన ఉండాలని చూస్తారు. గుండెలో స్టెంటు పడ్డవాళ్లు వాడే క్లోపిడోగ్రెల్ లాంటి మాత్రని అలాంటి బయాప్సీకి ఐదు రోజుల ముందు ఆపమంటారు. ఈ మాట ఎక్కడో విని సొంతంగా ఆపేయడం సూది కన్నా ప్రమాదం, ఆ స్టెంటు మూసుకుపోవచ్చు. ఆపాలా వద్దా, ఆపితే ఎన్ని రోజులన్నది గుండె డాక్టరూ బయాప్సీ చేసే డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. మనం చేయాల్సిందల్లా వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదం పొడులతో సహా, దాచకుండా చెప్పడం.

ఇక అన్నిటికన్నా మొండి భయం: గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది. మా ఇంట్లోనే ముగ్గురు అన్నారు. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకోవడం అరుదుగా జరుగుతుంది. లివర్ క్యాన్సర్‌లో వందకి రెండు మూడు కేసుల్లో అలా జరిగినట్టు లెక్కలున్నాయి. ఊపిరితిత్తి, రొమ్ము విషయంలో ఇంకా బాగా తక్కువ. డాక్టర్లు ఈ సంగతిని తీసిపారేయరు, దాని చుట్టూనే ప్లాన్ వేసుకుంటారు. ఎముక, కండరాల క్యాన్సర్ అనుమానం ఉంటే తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జన్ని అడిగి, ఆయన కోత పెట్టే గీత మీదుగానే సూది దింపుతారు. ఆపరేషన్‌లో ఆ దారిని కూడా కోసి తీసేస్తారు. వృషణంలో గడ్డకి బయటి నుంచి సూది వేయరు. అండాశయంలో మొదటి దశ క్యాన్సర్‌లా కనిపించే గడ్డని గుచ్చకుండా నేరుగా ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. సిర్రోసిస్ జబ్బుతో గట్టిపడ్డ లివర్‌లో గడ్డ రంగు మందు ఎక్కగానే మెరిసి, కాసేపటికి చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడితే, ఆ తీరు చాలు, బయాప్సీ లేకుండానే క్యాన్సర్ అని నిర్ణయిస్తారు.

పుకారు ఎందుకు నిలబడిందో ఊహించడం కష్టం కాదు. మన దగ్గర చాలామంది ముదిరాకే వస్తారు. బయాప్సీ చేయించుకుని, భయపడి నెలల తరబడి చికిత్సకి వెళ్లరు. ఈలోగా జబ్బు తన దారిన పెరుగుతుంది. నింద సూది మీద పడుతుంది.

క్యాన్సర్‌తో సంబంధం లేకుండా కూడా సూది ఆపాల్సిన చోట్లున్నాయి. లివర్‌లో హైడాటిడ్ తిత్తి అలాంటిది. కుక్కల నుంచి వచ్చే ఒక నులిపురుగు వల్ల, గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే ఊళ్లలో ఇది కనిపిస్తుంది. తెలియక గుచ్చితే లోపలి నీరు కారి ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ రావచ్చు. మందులు మొదలుపెట్టి, తయారీతో చేసే పద్ధతి వేరే ఉంది. కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డని గుచ్చితే బీపీ ఒక్కసారిగా ఆకాశాన్నంటవచ్చు. రక్త, మూత్ర పరీక్షలతో ముందే దాన్ని పట్టుకోవాలి.

ముక్క తీసిన దారిలోనే వైద్యం

సూది సరిగ్గా వెళ్లాల్సిన చోటికి వెళ్లగలిగాక, తీయడంతో ఎందుకు ఆగాలి? ఈ ఆలోచనకి తాళంచెవి 1953లో స్వీడన్‌లో దొరికింది. సెల్డింగర్ అనే కుర్ర రేడియాలజిస్టు సూదిలోంచి ఒక తీగ దూర్చి, సూది తీసేసి, తీగ మీదుగా సన్నని గొట్టాన్ని జార్చాడు. గొట్టం కన్నా సూది లావుగా ఉండాల్సిన అవసరం పోయింది. ఇంత తేలికైన సంగతి పీహెచ్‌డీకి చాలదన్నారట, ఆయన వేరే అంశం మీద థీసిస్ రాసుకున్నాడు. ఇవాళ ఆంజియోగ్రామ్ చేసే గదిలో, డయాలసిస్‌కి మెడలో పైపు వేసే చోట, ఐసీయూలో రోజుకి ఎన్నిసార్లు ఆ తేలికైన పనే జరుగుతోందో లెక్కలేదు.

1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల ఆవిడ కాలు కుళ్లుతోంది. కాలు తీసేయాలన్నారు సర్జన్లు. ఆవిడ ఒప్పుకోలేదు. చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు తొడ రక్తనాళంలోకి తీగ దూర్చి, దాని మీదుగా ఒకదాని కన్నా ఒకటి లావైన గొట్టాలు తోసి, మూసుకుపోయిన చోటు వెడల్పు చేశాడు. కాలు దక్కింది. సర్జన్లకి మాత్రం ఆయనంటే చిరాకే. ఒక సర్జన్ రక్తనాళం బొమ్మ తీయమని పంపిన చీటీలో "చూడండి, బాగుచేయబోకండి" అని రాసిన సంగతి రేడియాలజిస్టులు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆ దారిలో వచ్చినవాటిలో మన ఊళ్లలో మామూలుగా కనబడేది లివర్‌లో చీముగడ్డ. అమీబా వల్ల వచ్చే రకం కల్లు, సారా అలవాటున్న మగవాళ్లలో ఎక్కువ. చాలావరకు మందులకే తగ్గుతుంది. గడ్డ మరీ పెద్దదైనా, ఎడమ వైపు గుండె పొర దగ్గరున్నా, జ్వరం తగ్గకపోయినా అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పిగ్‌టెయిల్ పైపు వేస్తారు. లోపలికెళ్లాక పంది తోకలా చుట్టుకుని జారిపోకుండా ఉంటుంది. మందం మూడు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. చింతపండు పులుసు రంగులో చీము సంచిలోకి దిగుతుంటే, రెండు రోజుల నుంచి వణికిపోతున్న మనిషి సాయంత్రానికి లేచి కూర్చుంటాడు. కిడ్నీ రాయి అడ్డుపడి మూత్రం చీము పట్టినప్పుడు వీపు నుంచి వేసే పైపు, గడ్డ అడ్డుపడి కామెర్లు వచ్చినప్పుడు లివర్‌లోకి వేసే పైపు ఇదే కుటుంబం.

పాత టీబీ మచ్చలున్నవాళ్లలో కొందరికి హఠాత్తుగా దగ్గులో గ్లాసుల కొద్దీ రక్తం పడుతుంది. తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, కారుతున్న నాళాన్ని వెతికి, చిన్నచిన్న రేణువులతో మూసేస్తే రక్తం ఆగుతుంది. ప్రాణం నిలిపే పని. 'కోత లేదు, కుట్లు లేవు' అన్న ప్రకటనలు చూసి ఇదంతా ఆటలా అనుకోవద్దు. వెన్నుపాముకి రక్తమిచ్చే సన్నటి నాళం కొందరిలో సరిగ్గా అక్కడి నుంచే పుడుతుంది. రేణువులు అందులోకి వెళ్తే కాళ్లు పడిపోతాయి. అరుదే, కానీ చేసేవాళ్లు ముందు అరగంట వెతికేది ఆ నాళం ఉందా అని.

గర్భసంచిలో కణితులకీ ఇదే సూత్రం. 1995లో పారిస్ డాక్టర్లు కణితికి రక్తమిచ్చే నాళాల్ని మూసి దాన్ని కుదించవచ్చని రాశారు. ఈ సంగతి మన రెండు రాష్ట్రాల్లో మరీ ఎక్కువ మందికి తెలియాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో సుమారు 3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం పైన. అందరికీ ఈ పద్ధతి నప్పదు. చేశాక ఒకట్రెండు రోజులు నొప్పి బాగానే ఉంటుంది, ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆలోచించి నిర్ణయించుకోవాలి. కానీ ముప్పయ్యైదేళ్లకి ఆపరేషన్ టేబుల్ ఎక్కబోతున్న మనిషికి ఇలాంటిది ఒకటుందని కనీసం ఎవరైనా చెప్పారా?

రెండో రిపోర్టు

బాబాయి రెండో రిపోర్టు రెండు కాగితాలుగా వచ్చింది. మొదటిది సీబీనాట్, రెండు రోజుల్లోపే: టీబీ క్రిమి ఉంది, టీబీ మందు రిఫాంపిసిన్‌కి లొంగుతుంది. రెండోది ఐదో రోజున: గ్రాన్యులోమాలు (క్రిమి చుట్టూ శరీరం కట్టుకునే కణాల ముద్దలు) ఉన్నాయి, క్యాన్సర్ కణాలు లేవు. డాక్టరు రెండు కాగితాలూ పక్కన పెట్టుకుని మళ్లీ స్కాన్ బొమ్మ తెరిచారు. సూది మొన మెరిసే అంచులోనే ఉందా అని ఇంకోసారి చూసుకున్నారు. అప్పుడు గానీ మందు చీటీ రాయలేదు. 'క్యాన్సర్ లేదు' అన్న మాటని ఆయన స్కాన్‌తో సరిపోల్చుకున్నాకే నమ్మారు. ముక్క ఒకటి చెప్పి, బొమ్మ ఇంకోటి చెబితే ముక్కని అనుమానించాలనీ, మళ్లీ తీయాలనీ అన్నారు. మొదటి చోట నెక్రోసిస్ అన్న రిపోర్టు చేతిలో పెట్టి "మూడు నెలల తర్వాత రండి" అన్నారు. రెండు చోట్లకీ తేడా అదే.

ఆరు నెలలు మాత్రలు మింగారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. గడ్డ కరిగి చిన్న గీతలా మిగిలింది.

వెళ్లే పని ఉన్నవాళ్లకి ఒక చిన్న జాగ్రత్త. పరీక్ష అయ్యాక మీ ముక్కని మైనపు దిమ్మలో పొదిగి ల్యాబులో దాస్తారు. దాన్నే బ్లాక్ అంటారు. రెండో అభిప్రాయానికి వేరే ఊరు వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బ్లాకూ గాజు పలకలూ అడిగి తీసుకోండి, ఇస్తారు. తెచ్చేటప్పుడు మాత్రం ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి. ఆ మైనం అరవై డిగ్రీల లోపే కరిగిపోతుంది.